టమాటాకు లెక్కుంది, యాత్రికుడికి లేదు

మదనపల్లె టమాటా మార్కెట్‌కు ఒక రోజున ఎన్ని టన్నుల సరుకు వచ్చిందో, మొదటి రకం కిలో ఎంత పలికిందో, నాసిరకం ఎంతకు పడిపోయిందో మధ్యాహ్నం భోజనాల వేళకల్లా ఊరందరికీ తెలిసిపోతుంది. మండీల ముందు పెట్టెలు వరసగా పేరుస్తారు. వేలం ముగియగానే రేటు వాట్సాప్ గ్రూపుల్లోకి ఎక్కుతుంది. ములకలచెరువు రైతు, చింతామణి వ్యాపారి, చెన్నైలో లారీ కోసం ఎదురుచూసే కొనుగోలుదారు అందరూ చూసేది అదే అంకె. మార్కెట్ కమిటీ రాసుకున్న లెక్క కేంద్ర ప్రభుత్వ ఆగ్‌మార్క్‌నెట్‌లోనూ దొరుకుతుంది. 2023 జులై చివర్లో కిలో ధర 200 రూపాయల దరిదాపులకు చేరినప్పుడు దేశమంతా మదనపల్లె పేరు తలుచుకుందంటే ఆ రోజువారీ అంకె వల్లే.

అదే ఊరికి దాదాపు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న హార్స్‌లీ హిల్స్‌కు పోయిన ఆదివారం ఎన్ని బండ్లు ఎక్కాయో అడిగి చూడండి. “బాగానే వచ్చినారు సార్” అంటారు. పుంగనూరు పక్కన బోయకొండ గంగమ్మ దగ్గర అడిగితే “ఇసకేస్తే రాలనంత జనం” అంటారు. కుప్పంలో కంగుంది కోట చూడ్డానికి ఏడాదికి ఎందరు వస్తారంటే నవ్వి ఊరుకుంటారు. పర్యాటకాన్ని సాంకేతికతతో, డేటాతో బాగుచేయడమెట్లా అన్న ప్రశ్న మీద ఈ పదేళ్లలో సదస్సులు, విధాన పత్రాలు, యాప్‌లు బోలెడు వచ్చాయి. వాటన్నిటినీ ఈ మూడు ఊళ్ల గుమ్మం దగ్గర నిలబెట్టి చూస్తే ఏది నిలుస్తుంది, ఏది నిలవదు అన్నది ఈ వ్యాసం విషయం.

ముందు పై నుంచి వచ్చే అంకెలు చూద్దాం. కేంద్ర పర్యాటక శాఖ ఏటా ప్రచురించే గణాంకాల ప్రకారం 2022లో ఆంధ్రప్రదేశ్‌కు దేశీయ పర్యాటకుల రాకలు 19.27 కోట్లు. ఉత్తరప్రదేశ్, తమిళనాడు తర్వాత మూడో స్థానం. రాష్ట్ర జనాభా ఐదు కోట్ల చిల్లర. అంటే ఈ అంకె మనుషులది కాదు, రాకలది. ఒకే మనిషి తిరుపతిలో ఒకసారి, కాణిపాకంలో ఒకసారి, శ్రీకాళహస్తిలో ఒకసారి లెక్కకు ఎక్కవచ్చు. రాష్ట్రాలు బస కేంద్రాల నుంచి, టిక్కెట్లు ఉన్న చోట్ల నుంచి, మిగతా చోట్ల అంచనాల నుంచి కూడగట్టి పంపిన లెక్కల మొత్తం ఇది. దీనితో ఢిల్లీలో బడ్జెట్ అడగవచ్చు, పత్రికల్లో పతాక శీర్షిక పెట్టవచ్చు. బోయకొండ కింద ఇంకో పది మరుగుదొడ్లు కట్టాలా వద్దా అన్నది మాత్రం దీనితో తేలదు. రాష్ట్ర మొత్తం ఎంత పెద్దదైనా హార్స్‌లీ హిల్స్ మీద గాలిబండ దగ్గర ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు ఎన్ని కార్లు ఇరుక్కున్నాయో చెప్పలేదు.

ఊరికి పనికొచ్చే లెక్క ఎలా ఉంటుందో తెలుగువాళ్లకు కొత్తగా నేర్పనక్కర్లేదు. రోజూ పత్రికలో ఒక మూల నాలుగు వాక్యాలు వస్తాయి: నిన్న శ్రీవారిని దర్శించుకున్నవారు ఇందరు, తలనీలాలు ఇచ్చినవారు ఇందరు, హుండీ ఆదాయం ఇంత, సర్వదర్శనానికి ఇన్ని కంపార్టుమెంట్లలో జనం వేచి ఉన్నారు. నా దృష్టిలో రాష్ట్రంలో ఇంతకంటే మంచి పర్యాటక సమాచారం లేదు. చిత్తూరు వైపు ఇళ్లల్లో ఆ చివరి వాక్యం చూసే ప్రయాణం ఈ రోజా, రేపా అని తేల్చుకుంటారు. కంపార్టుమెంట్లు నిండి క్యూ బయటికి వచ్చిందంటే పెద్దవాళ్లు “వచ్చే వారం పోదాంలే” అంటారు. అంకె చూసి జనం తమ ప్రయాణాన్ని తామే సర్దుకున్నారు. డేటా వల్ల జరగాల్సిన పని ఇదే. దీనికి యాప్ అక్కర్లేదు, ఇంగ్లిషు రానక్కర్లేదు.

అలాగని లెక్క ఉంటే చాలు అనుకోవడానికీ వీల్లేదు. తిరుమల తిరుపతి దేవస్థానాలకు ఉన్నంత అనుభవం, సమాచారం దేశంలో ఇంకే ఆలయానికీ లేదేమో. 2023 మార్చి నుంచి గదుల కేటాయింపులోనూ లడ్డూల పంపిణీలోనూ ముఖ గుర్తింపు పెట్టారు. అయినా 2025 జనవరి 8 రాత్రి తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం గుమిగూడిన జనంలో తొక్కిసలాట జరిగి ఆరుగురు చనిపోయారు. ఎంతమంది వస్తారన్న అంచనాకు లోటు లేదు. గేటు ఎప్పుడు తెరవాలి, ఎటు నుంచి తెరవాలి, ఎవరు చెబితే తెరవాలి అన్న దగ్గర దెబ్బ తగిలింది. అదే ఏడాది సెప్టెంబరులో తిరుమలలో కృత్రిమ మేధ ఆధారంగా రద్దీని గమనించే కమాండ్ కంట్రోల్ కేంద్రం ప్రారంభమైంది. నవంబరు 1న ఏకాదశి నాడు శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో ఒక ప్రైవేటు ఆలయంలో తొమ్మిది మంది తొక్కిసలాటలో ప్రాణాలు పోగొట్టుకున్నారు. అక్కడ కథ తిరగబడింది. అంత జనం వస్తారన్న ముందస్తు కబురే యంత్రాంగానికి లేదు. ఒక చోట లెక్క ఉండీ పని జరగలేదు, ఇంకో చోట లెక్కే లేదు. ఈ రెంటి మధ్య మన చిన్న క్షేత్రాలన్నీ ఉన్నాయి.

బోయకొండనే తీసుకుందాం. చౌడేపల్లె మండలంలోని ఈ కొండ మీదికి ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు మూడు వైపుల నుంచీ జనం వస్తారు. ఆదివారం వచ్చిందంటే కొండ కింద పొంగళ్లు, వేటలు, వంటలు. పైన అమ్మవారి తలమీద పూలు పెట్టి ప్రశ్న అడుగుతారు. కుడివైపు పువ్వు జారితే పని అవుతుందని, ఎడమవైపు జారితే కాదని నమ్మకం. పువ్వు జారేదాకా ఆ కుటుంబం కదలదు. వెనక ఉన్నవాళ్లు తొందరపెట్టరు, తమ వంతు వచ్చినప్పుడు తామూ అంతే కాబట్టి. విమానాశ్రయాల కోసం, మాల్‌ల కోసం తయారైన రద్దీ లెక్కల సాఫ్ట్‌వేరు ఇక్కడ బోల్తా పడేది ఈ చోటే. గంటకు ఇందరు కదులుతారని అది లెక్కగడుతుంది. ఇక్కడి క్యూ వేగం పువ్వు చేతిలో ఉంది. కనుక ఇక్కడ కెమెరా పెట్టేవాళ్లు ముందు పూజారితో, క్యూలో తాడు పట్టుకుని నిలబడే సిబ్బందితో నాలుగు ఆదివారాలు గడపాలి.

బోయకొండ రద్దీని ముందే ఊహించడానికి పెద్ద కృత్రిమ మేధ ఏమీ అవసరం లేదు. పంచాంగం ఒకటి, స్కూలు సెలవుల పట్టిక ఒకటి, మూడు రాష్ట్రాల పండగ సెలవుల జాబితా ఒకటి పక్కపక్కన పెట్టుకుంటే ముప్పాతిక పని అయిపోతుంది. దసరా నవరాత్రులు ఎట్లాగూ తెలిసినవే. మనం గమనించనిది కర్ణాటకలో ఇచ్చి మనకు ఇవ్వని సెలవులు. కోలారు, చింతామణి, బెంగళూరు వైపు బళ్లు ఆ రోజుల్లోనే కట్టలు తెంచుకుంటాయి. నాకు ఎప్పటి నుంచో ఇంకో అనుమానం ఉంది. టమాటా ధర బాగున్న నెలల్లో గంగమ్మకు మొక్కులు ఎక్కువగా తీరతాయా? మార్కెట్ అంకె మన దగ్గర ఉంది. గుడి అంకె కూడా ఉంటే రెండూ పక్కన పెట్టి ఒక్క పూటలో తేల్చేయవచ్చు.

హార్స్‌లీ హిల్స్ సంగతి వేరు. 19వ శతాబ్దంలో కడప కలెక్టరుగా చేసిన డబ్ల్యూ.డి. హార్స్‌లీ వేసవి విడిది కట్టుకోవడంతో ఏనుగు మల్లమ్మ కొండకు ఆ పేరు పడింది. సముద్ర మట్టానికి నాలుగు వేల అడుగుల పైన చల్లటి గాలి, గాలిబండ, పాత నీలగిరి చెట్టు, పర్యాటక సంస్థ హరిత విడిది. బెంగళూరు నుంచి మూడు నాలుగు గంటల ప్రయాణం. కాబట్టి శనివారం రాత్రి బయల్దేరి ఆదివారం సాయంత్రానికి ఇంటికి చేరే బాపతు జనమే ఎక్కువ. పైన చోటు తక్కువ, నీళ్లూ అంతంతమాత్రమే. ఈ కొండకు ఉన్న వరం ఏమిటంటే కార్లు ఎక్కే ఘాట్ రోడ్డు ఒక్కటే. దారి ఒక్కటైన చోట లెక్క తీయడం చాలా తేలిక. కింద ఒక కెమెరా, ఎక్కిన బండికి ఒక గీత, దిగిన బండికి ఒక గీత. నంబరు ప్లేటులో మొదటి రెండక్షరాలు చూస్తే కర్ణాటకవెన్ని, తమిళనాడువెన్ని, మనవెన్ని తెలుస్తుంది. మొత్తం నంబరు దాచుకోవాల్సిన పనే లేదు.

ఈ పని ఎంత దూరం పోగలదో పక్క రాష్ట్రం చూపించింది. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి నీలగిరులకూ కొడైకెనాల్‌కూ వెళ్లే వాహనాలకు ఈ-పాస్ తప్పనిసరి చేశారు. మొదట్లో అడిగినవాళ్లందరికీ ఇచ్చారు. లెక్క తెలియడమే ఉద్దేశం. ఎన్ని బండ్లు, ఎక్కడి నుంచి, ఎన్ని రోజులు అన్నది చేతికొచ్చింది. కొండ ఎంత మోయగలదో తేల్చే పనిని మద్రాసు ఐఐటీకీ బెంగళూరు ఐఐఎంకూ అప్పగించారు. 2025 ఏప్రిల్ నుంచి నీలగిరులకు మామూలు రోజుల్లో 6,000, వారాంతాల్లో 8,000 వాహనాలు, కొడైకెనాల్‌కు 4,000, 6,000 అని పరిమితి పెట్టారు. ఊటీ వ్యాపారులు దుకాణాలు మూసి నిరసన తెలిపారు. వాళ్ల బాధ వాళ్లది, అబద్ధం కాదు. ఈ కథలో నాకు నచ్చింది వరస. ముందు లెక్క, తర్వాత అధ్యయనం, ఆ తర్వాతే పరిమితి. మన దగ్గర వరస తలకిందులు. ముందు ప్రకటన, తర్వాత శంకుస్థాపన, ఆ పైన “జనం రావడం లేదెందుకు” అనో “ఇంతమంది వచ్చారేమిటి” అనో ఆశ్చర్యం.

వెనిస్ నగరం 2024 ఏప్రిల్ 25 నుంచి ఎంపిక చేసిన 29 రోజులు ఒక్కపూట వచ్చి పోయేవాళ్ల దగ్గర ఐదు యూరోలు వసూలు చేసింది. రుసుముకు భయపడి జనం పెద్దగా తగ్గలేదు, పైకం మాత్రం వచ్చింది. హార్స్‌లీ హిల్స్‌కు ఊటీ పరిమితీ వద్దు, వెనిస్ రుసుమూ వద్దు. కొండ కింద ఒక బోర్డు చాలు: “పైన పార్కింగ్ నిండింది, రెండు గంటలు ఆగండి.” ఆ రెండు గంటలూ జనాన్ని మదనపల్లెలో నిలపగలిగితే ఊరికి లాభం.

మదనపల్లెలో నిలిపి ఏం చూపిస్తారు అంటారేమో. 1919 ఫిబ్రవరి 28న రవీంద్రనాథ్ ఠాగూర్ తన ‘జనగణమన’ను ఇంగ్లిషులోకి తిప్పింది ఈ ఊరి బీసెంట్ థియొసాఫికల్ కాలేజీలో. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ ఆ పాటకు స్వరం రాసిందీ ఇక్కడే. అనీబిసెంట్ 1915లో పెట్టిన కాలేజీ అది. జిడ్డు కృష్ణమూర్తి 1895లో పుట్టింది మదనపల్లెలో. ఆయన పేరుతో ముడిపడిన రిషివ్యాలీ స్కూలు కొండ పక్కనే ఉంది. ఆరోగ్యవరంలో క్షయ చికిత్సకు వందేళ్ల కిందట పెట్టిన ఆసుపత్రి ఉంది. వీటిలో ఏ ఒక్కటి యూరప్‌లోని ఏ చిన్న పట్నంలోనో ఉంటే చుట్టూ ఒక నడక దారి, ఒక గైడు, ఒక టీ కొట్టు ఎప్పుడో వెలిసేవి. ఇక్కడ మార్గరెట్ కజిన్స్ పేరు తెలిసిన ఆటో డ్రైవరు కోసం వెతకాలి. ఈ లోటు తీర్చడానికి క్యూఆర్ కోడ్ బోర్డులు పెడదామని సులభంగా అంటారు. నేను చూసినంతవరకు మన రాష్ట్రంలో ఆ బోర్డుల ఆయుష్షు తక్కువ. కోడ్ నొక్కితే తెరుచుకోవాల్సిన పేజీని నడిపే కాంట్రాక్టు ముందు చచ్చిపోతుంది, బోర్డు తర్వాత తుప్పు పడుతుంది. దానికంటే అంగళ్లులోని మదనపల్లె ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ అండ్ సైన్స్ విద్యార్థులు, బీసెంట్ కాలేజీ చరిత్ర విద్యార్థులు కలిసి తెలుగు వికీపీడియాలోనూ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోనూ ఈ ఊరి పేజీలు, చుక్కలు సరిచేస్తే అవి ఎవరి కాంట్రాక్టుతోనూ చావవు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరు నుంచి జీతమిచ్చే యజమాని లేకుండానే బతుకుతోంది.

పటాల సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. ‘మదనపల్లె రోడ్’ అనే రైల్వే స్టేషను ఉన్నది మదనపల్లెలో కాదు, పది కిలోమీటర్ల పైన దూరంలో సీటీఎం దగ్గర. రైలు దిగిన కొత్త మనిషి ఆ రాత్రి ఏ బండి ఎక్కాలి, ఎంత ఇవ్వాలి, ఆఖరి బస్సు ఎన్నింటికి అన్నది ఏ పర్యాటక వెబ్‌సైటూ చెప్పదు. కోట్ల ఖర్చుతో తీసిన డ్రోన్ వీడియోల కంటే ఆ మూడు సమాధానాలు ఎక్కువమందిని ఈ ఊరికి తెస్తాయి.

ఇక కుప్పం. డిజిటల్ అన్న మాట ఆంధ్రదేశంలో చాలామంది వినకముందే కుప్పం వినేసింది. హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీ, అప్పటి చంద్రబాబు నాయుడు ప్రభుత్వం కలిసి 2002లో ‘కుప్పం ఐ-కమ్యూనిటీ’ అనే ప్రయోగం మొదలుపెట్టాయి. మూడేళ్ల పథకం. అప్పటి నియోజకవర్గంలోని ఐదు మండలాల్లో సమాచార కేంద్రాలు పెట్టారు, కంప్యూటర్లు అమర్చిన వ్యాను ఊళ్లు తిరిగింది, ప్రభుత్వ పథకాల వివరాలు తెలుగులో తెర మీద కనిపించాయి. అన్నిటికంటే నన్ను ఆకట్టుకునేది పల్లె ఫొటోగ్రాఫర్ల ముచ్చట. పొదుపు సంఘాల ఆడవాళ్లకు డిజిటల్ కెమెరా, చిన్న ప్రింటరు, వాటిని నడపడానికి సౌర ఫలకం ఇచ్చారు. కరెంటు లేని ఊళ్లో పెళ్లికో, గుర్తింపు కార్డుకో ఫొటో తీసి అక్కడికక్కడే అచ్చువేసి చేతిలో పెట్టేవాళ్లు. ఫొటో కోసం బస్సెక్కి పట్నం పోయే రోజుల్లో అది చిన్న సంగతేం కాదు. ఆ ఆడవాళ్లు సంపాదించారు కూడా.

గడువు తీరింది, కంపెనీ తప్పుకుంది, ఆ ఊపు నిలవలేదు. ఈ ప్రయోగాన్ని దగ్గర నుంచి చూసి రాసిన పరిశోధకురాలు ఆంకే ష్విట్టే కుప్పాన్ని సజీవ ప్రయోగశాల అంది. మాట పొగడ్తలా వినిపించినా అందులో చురక ఉంది. ప్రయోగశాలలో ప్రయోగం చేసేవాడు ఒకరు, ప్రయోగానికి గురయ్యేవాడు ఇంకొకరు. కంపెనీకి పల్లె మార్కెట్ గురించి కావాల్సిన పాఠాలు దొరికాయి. కుప్పానికి మిగలాల్సింది మిగిలిందా అన్నదే ప్రశ్న. ఇప్పుడూ కొత్త ప్రయోగాలు ముందు కుప్పానికే వస్తున్నాయి. 2025 జనవరిలో ‘స్వర్ణ కుప్పం’ దార్శనిక పత్రం వెలువడింది, జులైలో టాటా సంస్థతో కలిసి ఆరోగ్య సేవల డిజిటల్ నర్వ్ సెంటర్ ప్రారంభమైంది. ముఖ్యమంత్రి నియోజకవర్గం కావడం వల్ల వచ్చే భాగ్యం ఇది. దాని వెంటే ఒక ప్రమాదం కూడా ఉంటుంది, పదవి మారితే ఆ చూపు కూడా మారుతుంది. అందుకే ఇక్కడ పర్యాటకం కోసం పెట్టే ఏ డిజిటల్ ఏర్పాటుకైనా మొదటి ప్రశ్న ఒక్కటే వేయాలి: నాలుగో ఏట దీని కరెంటు బిల్లు ఎవరు కడతారు? జవాబు లేకపోతే మొదలుపెట్టకపోవడమే మేలు.

కుప్పానికి ఇంకో సమస్య ఉంది, చాలామందికి అది సమస్యలా తోచదు. మూడు రాష్ట్రాల కూడలి ఇది. ఊళ్లో తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినపడతాయి. బెంగళూరు-చెన్నై రైలు దారిలో స్టేషను ఉంది. ప్రసన్న తిరుపతి గంగమ్మ జాతరకు సరిహద్దు దాటి జనం వస్తారు. వాళ్ల భాషలో సమాచారం ఇచ్చే ఏర్పాటు అంతంతమాత్రం. 1997లో ఇక్కడ పెట్టిన ద్రావిడ విశ్వవిద్యాలయంలో ఈ భాషలన్నీ తెలిసిన అధ్యాపకులు, విద్యార్థులు ఉన్నారు. కంగుంది కోట కథ, జాతర క్రమం, ఆ చుట్టుపక్కల గుళ్ల వివరాలు మూడు భాషల్లో రాసి, చదివి రికార్డు చేసి పెట్టడం వాళ్లకు ఒక సెమిస్టరు పని. హైదరాబాదు ఏజెన్సీకి ఆ పని ఇస్తే యంత్రం చేసిన అనువాదం వస్తుంది. గంగమ్మ తల కుప్పంలో ఏ వీధుల గుండా ఊరేగుతుందో ఏ యంత్రానికీ తెలియదు.

కుప్పం, పలమనేరు అడవుల్లో డేటా ఇంకో ముఖం చూపిస్తుంది. 1990లో ఏర్పడిన కౌండిన్య అభయారణ్యం ఏనుగులది. 1980ల నుంచి తమిళనాడు, కర్ణాటక అడవుల వైపు నుంచి ఈ గుంపులు వచ్చి ఇక్కడ స్థిరపడ్డాయి. వాటికి చెరుకు తోట, వరి మడి, మామిడి తోట అన్నీ ఒకటే. రైతులు చనిపోయారు, కరెంటు తీగలకు ఏనుగులూ చచ్చిపోయాయి. 2025 మేలో కర్ణాటక నాలుగు కుంకీ ఏనుగులను, అంటే అడవి గుంపులను మళ్లించే శిక్షణ ఉన్నవాటిని, ఇచ్చింది. పలమనేరు దగ్గర ముసలిమడుగులో వాటికి శిబిరం పెట్టారు. సహజంగానే ఏనుగుల పర్యాటకం అన్న ఆలోచన అక్కడి నుంచే పుడుతుంది. గుంపు ఎక్కడుందో చూపే యాప్ చేస్తే యాత్రికులు ఎగబడతారు. ఎగబడతారు కాబట్టే అలాంటి యాప్ పెట్టకూడదు. ఏనుగు జాడ తెలియాల్సింది తెల్లవారుజామున మోటారు వేయడానికి పొలానికి పోయే రైతుకు, సెల్ఫీకి వచ్చినవాడికి కాదు.

తమిళనాడు వాల్పారైలో నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ ఈ పని చేసి చూపింది. తేయాకు తోటల మధ్య ఏనుగులు తిరిగే ఆ పీఠభూమిలో ఏనుగు ఉన్న చోటుకు దగ్గరలోని ఊళ్లవాళ్ల ఫోన్లకు సందేశాలు పంపారు, స్థానిక కేబుల్ టీవీలో అక్షరాలు నడిపారు, ఊరి మలుపుల్లో మొబైల్‌తో వెలిగే ఎర్ర దీపాలు పెట్టారు. దీపం వెలిగిందంటే ఆ దారిన పోవద్దని అర్థం. చదువు రానివాళ్లకూ అర్థమవుతుంది. బస్సు దిగి చీకట్లో ఇంటికి నడిచే కూలీ ప్రాణం నిలబెట్టిన సాంకేతికత అది. కౌండిన్య చుట్టూ పర్యాటకం పెరగాలంటే ముందు ఇలాంటి దీపాలు వెలగాలి. ఊరివాడికి భద్రత లేని చోట యాత్రికుడికి భద్రత ఎక్కడి నుంచి వస్తుంది?

ఎవరూ టెండరు పిలవకుండానే, ఎవరూ శంకుస్థాపన చేయకుండానే ఈ ప్రాంతంలో నడుస్తున్న చక్కటి పర్యాటక డేటా ఒకటుంది. పక్షులది. రిషివ్యాలీలో దశాబ్దాలుగా పక్షుల్ని గమనించి రాసుకునే అలవాటు ఉంది. ఆ లోయను పక్షుల రక్షిత స్థలంగా చూసుకుంటారు. ఇప్పుడు రిషివ్యాలీ, హార్స్‌లీ హిల్స్ వైపు వచ్చేవాళ్లు తాము చూసిన పిట్టల జాబితాలను ఈబర్డ్ అనే వెబ్‌సైటులోకి ఎక్కిస్తారు. దక్షిణాది రాతి గుట్టల్లో తప్ప ఎక్కడా కనిపించని పసుపు మెడ పికిలిపిట్ట ఇక్కడ ఉంటుంది. బెంగళూరు నుంచి తెల్లవారకముందే బయల్దేరి, గాలిబండ దగ్గర ఆ పిట్ట కోసం కాచుకుని, టిఫిను ఇక్కడే తిని పోయేవాళ్లు ఉన్నారు. వాళ్లు చప్పుడు చేయరు, చెత్త వేయరు, మళ్లీ మళ్లీ వస్తారు. వాళ్లను తెచ్చింది ప్రభుత్వ ప్రచారం కాదు, నిన్న అక్కడ ఎవరో రాసి పెట్టిన నాలుగు నమ్మకమైన వివరాలు. ముప్పున్న సున్నితమైన జాతులు కనిపించిన కచ్చితమైన చోటును ఈబర్డ్ బయటపెట్టదు కూడా. ఏది చెప్పాలో, ఏది దాచాలో దానికి తెలుసు. మన యాప్‌లకు లేనిది ఆ విచక్షణే.

పుంగనూరు ఆవు గురించి నాలుగు మాటలు చెప్పకుండా ఈ ప్రాంతం మీద వ్యాసం ముగించడం మర్యాద కాదు. మూడడుగుల లోపు ఎత్తు, వెన్న ఎక్కువ ఉన్న పాలు. 2024లో ప్రధానమంత్రి ఇంట్లో సంక్రాంతి ఫొటోల్లో కనిపించాక దేశమంతా దీని వెంట పడింది. ఈ ఆవును చూడ్డానికని పుంగనూరు వచ్చేవాడికి పుంగనూరు పట్నంలో పెద్దగా ఏమీ కనిపించదు. జాతిని కాపాడిన పశు పరిశోధనా కేంద్రం పలమనేరులో ఉంది. ఇంటర్నెట్‌లో మాత్రం పుంగనూరు పేరుతో ఏ పొట్టి ఆవునైనా లక్షలకు అమ్మేస్తున్నారు. చిత్రమేమిటంటే దేశంలో పశువులకు చెవిపోగుతో 12 అంకెల గుర్తింపు సంఖ్య ఇచ్చే పద్ధతి ఇప్పటికే నడుస్తోంది. ఆ సంఖ్య కొడితే ఆవు వంశం, జాతి నిర్ధారణ తెలుగులో ఎవరైనా చూసుకునే వీలు కల్పిస్తే కొనేవాడు మోసపోడు, నిజంగా జాతిని కాపాడే రైతు ఇంటికి యాత్రికుడు దారి తెలుసుకుని వస్తాడు. సుగుటూరు గంగమ్మ జాతర, జమీందారుల ప్యాలెస్, ఆవు, బోయకొండ. ఒక్క రోజు యాత్రకు పుంగనూరు దగ్గర సరుకు సరిపడా ఉంది. వాటిని ఒక దారిలో కలిపే సమాచారమే లేదు.

ఎందుకు లేదంటే ఎవరి గీత లోపల వాళ్లు ఉన్నారు. గుడి దేవాదాయ శాఖది, కొండ అటవీ శాఖది, విడిది పర్యాటక సంస్థది, రోడ్డు ఆర్ అండ్ బీది, బస్సు ఆర్టీసీది. ఒక్కొక్కరి దగ్గర ఒక ముక్క ఉంటుంది. దేవాదాయ శాఖ దగ్గర టిక్కెట్ల లెక్క, పర్యాటక సంస్థ దగ్గర గదుల బుకింగులు, ఆర్టీసీ దగ్గర టిక్కెట్లు కొట్టే మిషన్ల లెక్క, జాతీయ రహదారుల సంస్థ దగ్గర ఫాస్టాగ్ లెక్క. ఇవి ఎప్పుడూ ఒక బల్ల మీద కలవలేదు. పైగా 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి పోయింది, పుంగనూరు, కుప్పం చిత్తూరులో ఉండిపోయాయి. ఆ గీతలూ తర్వాత మళ్లీ కదిలాయి. యాత్రికుడికి ఈ గీతలతో పనిలేదు. పొద్దున హార్స్‌లీ హిల్స్, మధ్యాహ్నం బోయకొండ, సాయంత్రం పలమనేరు మీదుగా ఇల్లు అన్నది అతని లెక్క. జిల్లాకో యాప్, జిల్లాకో నివేదిక చేస్తే అతని ప్రయాణం ముక్కలుగా కనిపిస్తుంది, పూర్తి బొమ్మ ఎవరికీ కనిపించదు. కాగితాల సంగతి ఇంకా సున్నితం. 2024 జులై 21 రాత్రి మదనపల్లె సబ్‌కలెక్టరు కార్యాలయంలో ఫైళ్లు కాలిపోయిన వార్త గుర్తున్నవాళ్లకు, రికార్డుకు ఇంకో నకలు ఇంకో చోట ఉండడం ఎందుకు అవసరమో వేరే చెప్పక్కర్లేదు.

వేదికలకు కొరత లేదు. రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరి 30న 161 సేవలతో ‘మన మిత్ర’ వాట్సాప్ పాలన మొదలుపెట్టింది. పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇస్తూ 2024-29 విధానం తెచ్చింది. కేంద్రం దగ్గర హోటళ్ల జాతీయ డేటాబేసు నిధి ఉంది. కొత్తగా ఇంకో వేదిక కట్టాల్సిన పని ఇసుమంతైనా లేదు. బోయకొండ పార్కింగ్ నిండిందన్న కబురు మన మిత్రలో ఒక్క వాక్యంగా వస్తే చాలు. వ్యక్తుల వివరాలు సేకరించకుండానే ఈ పనంతా జరుగుతుంది. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా అవసరానికి మించి తీసుకోవద్దనే అంటుంది. గంగమ్మకు మొక్కు చెల్లించుకోవడానికి వచ్చిన మనిషి ముఖాన్ని కంప్యూటరు గుర్తుపట్టనక్కర్లేదు. ఎంతమంది అన్నది చాలు, ఎవరు అన్నది వద్దు.

చేయాల్సింది చిన్నది. హార్స్‌లీ హిల్స్ ఘాట్ మొదట్లో, బోయకొండ పార్కింగ్ దగ్గర, కుప్పం గంగమ్మ జాతర దారుల్లో లెక్కించే ఏర్పాటు పెట్టండి. తిరుమల వార్తలాగే రోజూ నాలుగు వాక్యాలు తెలుగులో, కన్నడంలో, తమిళంలో బయటపెట్టండి: నిన్న ఎన్ని బండ్లు, ఏ రాష్ట్రంవి, ఏ గంటలో ఎక్కువ, ఈ రోజు అంచనా ఎంత. ఆ పనికి ఊళ్లోని కాలేజీకే బాధ్యత ఇవ్వండి, నెలనెలా ఖర్చు గుడి ఆదాయం నుంచో విడిది ఆదాయం నుంచో కేటాయించి బడ్జెట్‌లో రాసిపెట్టండి. ఒక ఏడాది లెక్క చేతిలో పెట్టుకుని ఆ తర్వాత రోప్‌వే కావాలా, రిసార్టు కావాలా, మరుగుదొడ్డి కావాలా అని జనం ముందు చర్చ పెట్టండి. అప్పటిదాకా ఈ మూడు ఊళ్ల పేరు మీద కొత్త పర్యాటక యాప్ ఏదీ విడుదల చేయవద్దని మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రజాప్రతినిధులకు మనవి.